మాంట్రోలో పాట చూపిన దారి

జెనీవా విమానాశ్రయంలో మాంట్రో వెళ్లే రైలెక్కితే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. లోజాన్ స్టేషన్ దాటగానే ఆ కిటికీ నిండా సరస్సే. ఎడమవైపు కొండవాలు మీద రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా పెంచిన ద్రాక్షతోటలు. లావో అంటారు వాటిని, యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. నేను వెళ్లింది డిసెంబరులో. తీగలకు ఒక్క ఆకు లేదు, నీళ్ల మీద మంచు పొర కదులుతోంది. అటు గట్టున కొండలు ఉన్నాయో లేవో కూడా తెలియడం లేదు. మనవైపు ధనుర్మాసపు మంచు పొద్దెక్కేసరికి విడిపోతుంది కదా, ఇక్కడ మధ్యాహ్నం దాటినా విడిపోలేదు.

డిసెంబరును కావాలనే ఎంచుకున్నాను. 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ రాక్ బృందం ఈ ఊరికొచ్చి ‘మెషీన్ హెడ్’ రికార్డు చేసింది. 1972 మార్చిలో విడుదలైన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, అమెరికాలో టాప్ టెన్‌లోకి వెళ్లింది. మా కాలేజీ హాస్టల్లో గిటారు కొన్న ప్రతివాడూ ముందు నేర్చుకున్నది అందులోని ‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదటి బాణీయే. సరిగ్గా పట్టు దొరక్కపోయినా సరే, పక్క గదివాడు గుర్తుపట్టేవాడు. ఆ పాటలో ఉన్నదంతా ఇక్కడ నిజంగా జరిగిందేనని చాలా ఏళ్లకు తెలిసింది. మంటలు, మనుషులు, హోటల్, సరస్సు అన్నీ నిజమే. అప్పటినుంచీ ఆ పాట పట్టుకుని ఈ ఊళ్లో నడవాలని కోరిక.

స్టేషన్ బయటికొచ్చి “గ్రాండ్ హోటల్ ఎక్కడండీ?” అని అడిగితే ఎదురుగా ఉన్న భవనమే చూపించారు. అది గ్రాండ్ హోటల్ స్విస్ మెజెస్టిక్. నాకు కావలసింది అది కాదు, డీప్ పర్పుల్ రికార్డు చేసిన గ్రాండ్ హోటల్. ఇంకొకరు సరస్సు గట్టునే ఉన్న ప్యాలెస్ హోటల్‌కు దారి చెప్పారు. ఈ ఊళ్లో రాజభవనాల్లాంటి హోటళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, ఎవరికి తోచిన గ్రాండ్ హోటల్ వాళ్లు చెబుతున్నారు. సందుల్లో మెట్లు దిగుతూ, ఎక్కుతూ ఎటో వెళ్లిపోయాను. చివరికి పాత రికార్డుల ముచ్చట తెలిసిన ఒక పెద్దావిడ, కుక్కను పట్టుకుని నిలబడి, నా ప్రశ్న పూర్తికాకముందే నవ్వేసింది. “డీప్ పర్పుల్ కోసమా? అది తెరితే పేట వైపు. ముందు మార్కెట్టు, తర్వాత కాసినో, ఆ తర్వాత అక్కడికి. సరస్సును కుడిచేతి వైపు ఉంచుకుని నడువు చాలు” అంది. ఈ ఊళ్లో ఇంతకన్నా మంచి దారి ఎవరూ చెప్పలేరు. మీరూ అలాగే నడవండి.

మార్కెట్టు చౌకులో సరస్సు వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ కంచు విగ్రహం. డిసెంబరులో దాని చుట్టూ క్రిస్మస్ సంత. గట్టు పొడవునా చెక్క గుడిసెలు, దాల్చినచెక్క వేసి కాచిన వైన్ వాసన. సాయంత్రమైతే తలల మీదుగా తీగ పట్టుకుని శాంతాక్లాజ్ బండి ఎగురుతూ వెళ్తుంది, పిల్లలతో సమానంగా పెద్దలూ కేకలేస్తారు. నేనూ వేశాను.

అక్కడే రాక్లెట్ తిన్నాను. బండిచక్రమంత చీజును సగానికి కోసి, కోసిన ముఖాన్ని ఎర్రటి కాక కింద పెడతారు. పైపొర బుడగలు కట్టి కరగగానే కత్తితో ఒక్క గీకు గీకి, ఉడికించిన బంగాళాదుంపల మీద పడేస్తారు. పక్కన ఊరబెట్టిన చిన్న దోసకాయలు, చిన్న ఉల్లిపాయలు. అంచున కాస్త మాడిన పెచ్చు ఉంటుంది చూశారూ, అది అడిగి వేయించుకోండి. కారం లేదు, పోపు లేదు, అయినా ఆ చలిలో ప్లేటు వెంటనే ఖాళీ అయింది. రాత్రి ఒక చిన్న హోటల్లో వెన్నలో వేయించిన సరస్సు చేప, పెర్చ్ అంటారు, తింటుంటే వంటింట్లోంచి ఒకాయన తొంగిచూశాడు. జాఫ్నా నుంచి వచ్చి స్థిరపడ్డ తమిళుడు. “ఒక్క నిమిషం తంబీ” అని లోపలికెళ్లి, తన కోసం దాచుకున్న ఎండుమిరప పచ్చడి గిన్నెలో తెచ్చి పెట్టాడు. పెర్చ్‌కీ ఆ పచ్చడికీ అంత చక్కగా కుదురుతుందని అక్కడివాళ్లకు ఎవరైనా చెప్పాలి.

మార్కెట్టు నుంచి కాసినోకు కొద్ది నిమిషాల నడక. ఇప్పుడున్నది 1975లో తిరిగి కట్టింది. పాతది 1971 డిసెంబరు 4న కాలిపోయింది. ఆ మధ్యాహ్నం ఫ్రాంక్ జప్పా కచేరీ. చలికాలానికి కాసినో మూసేముందు అదే చివరి కార్యక్రమం, అది కాగానే అదే హాల్లో డీప్ పర్పుల్ రికార్డింగు మొదలుపెట్టాలి. ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ పైకి పేల్చారు. అల్లికతో చేసిన పైకప్పు అంటుకుంది. జప్పా వాయిద్యం ఆపి, కంగారు పడకుండా బయటికి నడవమని చెప్పాడు. మాంట్రో జాజ్ ఉత్సవం నడిపిన క్లోడ్ నోబ్స్ లోపలికీ బయటికీ పరిగెత్తి పిల్లలను లాక్కొచ్చాడు. ప్రాణాలు పోలేదు. కాసినో మాత్రం మిగల్లేదు. పొగ సరస్సు మీద పరుచుకోవడం డీప్ పర్పుల్ వాళ్లు తమ బస నుంచి చూస్తూ ఉండిపోయారు. కొన్నాళ్లకు బాసిస్టు రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ పాట పేరు పైకి అన్నాడట.

ఇప్పటి కాసినోలో క్వీన్ బృందం వాడిన మౌంటెన్ స్టూడియో గదిని ప్రదర్శనశాలగా ఉంచారు, టికెట్టు లేదు. దాని బయటి గోడ నిండా అభిమానుల రాతలు. మన కోటల్లో గోడ మీద పేరు రాస్తే తిడతాం, ఇక్కడ రాయడానికే గోడ వదిలేశారు. సరస్సు గట్టున ‘స్మోక్ ఆన్ ద వాటర్’ జ్ఞాపకంగా ఒక శిల్పం కూడా ఉంది. బృందం పేరు, పాట పేరు, ఆ మొదటి బాణీ స్వరలిపిలో. ఫ్రెడ్డీ దగ్గర ఫొటోలకు క్యూ. ఇక్కడ నేనొక్కణ్ణే. చేతులు జేబుల్లోంచి తీసి ఆ స్వరాలు గాల్లో వాయించుకున్నాను.

హాలు పోయాక నోబ్స్ వాళ్లకు ఊరి నడుమ పెవిలియన్ అనే థియేటర్ చూపించాడు. అక్కడ ఈ పాట సంగీతం రికార్డవుతుండగా ఇరుగుపొరుగు గోల భరించలేక పోలీసులను పిలిచారు. టేకు పూర్తయ్యేదాకా పోలీసులు లోపలికి రాకుండా బృందం మనుషులు తలుపులకు అడ్డం నిలబడ్డారు. వినాయక చవితి మైకుల మధ్య పెరిగిన నాకు ఆ వీధుల నిశ్శబ్దం చూశాకే ఆ ఫిర్యాదు అర్థమైంది. రాత్రి తొమ్మిదికి నా బూట్ల చప్పుడు నాకే ఎక్కువనిపించింది.

అక్కడినుంచీ పంపించేశాక దొరికింది చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్. తెరితే దాకా గట్టు వెంబడే నడవొచ్చు, అలసిపోతే 201 నంబరు ట్రాలీబస్సు ఉంది. హోటల్లో దిగినవాళ్లకు ఇచ్చే రివియెరా కార్డుంటే బస్సుకు డబ్బులక్కర్లేదు. ఆ గ్రాండ్ హోటల్ ఇప్పుడు హోటల్‌గా నడవడం లేదు, రోడ్డు మీద నిలబడే ఊహించుకున్నాను. చల్లటి కారిడార్‌లో ఇయాన్ పేస్ డ్రమ్స్, గోడలకు ఆనించిన పరుపులు, బయట రోలింగ్ స్టోన్స్ నుంచి అద్దెకు తెచ్చిన రికార్డింగు లారీ, దాని దాకా పాకిన తీగలు. వాయించింది వినాలంటే పడకగదుల్లోంచి, బాల్కనీల మీదుగా, మంచులో లారీ దాకా వెళ్లాలి. వెళ్లి వెళ్లి విసిగి, వినడమే మానేశారు. బాగుందో లేదో ఇంజినీరు మార్టిన్ బర్చ్ చెబితే నమ్మారు. ఆల్బమ్‌కు ఇంకో పాట తగ్గితే, పెవిలియన్‌లో చేసిన సంగీతానికి మాటలు రాసి చేర్చారు. వాళ్లు ఆశ పెట్టుకుని ముందు సింగిల్‌గా వేసింది ‘నెవర్ బిఫోర్’. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అమెరికాలో సింగిల్‌గా వచ్చింది 1973లో. నాలుగో స్థానానికి ఎక్కింది.

మీరు వెళ్తే ఒక పని చేయండి. మార్కెట్టు దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆల్బమ్ మొదటి నుంచి మొదలుపెట్టి షియోన్ కోట వైపు నడవండి. మొత్తం ముప్ఫై ఏడు నిమిషాలే, కోట కనబడే వేళకు చివరి పాటలో ఉంటారు. ‘లేజీ’లో జాన్ లార్డ్ ఆర్గన్ ఒంటరిగా ఎత్తుకునేటప్పుడు ఆ ఖాళీ హోటల్ మీకు వినబడుతుంది. నేను ఇంట్లో ఎన్నిసార్లు విన్నా అది పట్టుకోలేదు, ఆ చలిగాలిలో మొదటిసారి తెలిసింది. మంచి స్టూడియో దొరికుంటే ఈ రికార్డు ఇంత మొనదేలి ఉండేది కాదని నా నమ్మకం. హాలు కాలిపోయింది, థియేటర్ నుంచి తరిమారు, కారిడార్ మిగిలింది. ఉన్న చోటే వాయించారు, జరిగినదే పాడారు. జులైలో జాజ్ ఉత్సవానికి వెళ్తే సంగీతం దొరుకుతుంది, జనమూ దొరుకుతారు. ఈ ఆల్బమ్ కోసమైతే మాత్రం డిసెంబరులోనే వెళ్లండి, స్వెట్టర్లు రెండు ఎక్కువే పెట్టుకోండి.