మోకాలు తలుపు మడతబందు కాదు

అలిపిరి నుంచి కాలినడకన తిరుమలకు వెళ్ళినవారికి మోకాళ్ళ పర్వతం సంగతి చెప్పనక్కరలేదు. 3,550 మెట్ల దారిలో చివరి భాగాన నిటారుగా ఎదురయ్యే మెట్లవి. రామానుజులవారు ఆ కొండను పాదాలతో తొక్కడానికి మనసొప్పక మోకాళ్ళ మీద ఎక్కారని పెద్దలు చెబుతారు. మా అమ్మ మాత్రం, "ఆ పేరు మాబోటివాళ్ళ కోసం పెట్టిందిరా" అని నవ్వేది.

2010లో, ఆమె 68వ ఏట, రెండు మోకాళ్ళకూ కీళ్ళ మార్పిడి చేయించాము. ఆపరేషనుకు ముందురోజు రాత్రి, "మళ్ళీ కింద కూచోని ముగ్గేస్తానా నాయనా?" అని అడిగింది. "ఎందుకెయ్యవమ్మా, దేవుడిచ్చిన మోకాలులాగే ఉంటుంది" అన్నాను. నేను ఎముకల డాక్టరును కాను. ప్రభుత్వాసుపత్రిలో జ్వరాలు, రక్తపోటు, చక్కెర జబ్బు చూసే ఎం.బి.బి.ఎస్. డాక్టరును. తెలిసీ తెలియక అన్న మాట అది. కాని అన్నది డాక్టరు కొడుకు కాబట్టి ఆమె నమ్మింది.

ఆపరేషను చక్కగా జరిగింది. నొప్పి పోయింది. మూడు నెలలకు తనే బజారుకు నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంది. ముగ్గు మాత్రం కోడలు వేస్తుంటే కుర్చీలో కూర్చుని చూసేది. మెట్లు దిగేటప్పుడు మోకాలు ముందుకు జారినట్టుంటుందనేది. "కాలు మంచిదేరా. నాది కాదు, అంతే" అన్న మాట, ఆమె పోయి ఇన్నేళ్ళయినా నా చెవిలోనే ఉంది.

ఇప్పుడు మా అక్క వంతు వచ్చింది. మొన్న రంగురంగుల కాగితమొకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. 'సహజమైన మోకాలులా కదిలే కీలు' అని అందులో ఉంది. "బర్డులో చేయించుకునేదా, రాయవేలూరుకు పోయేదా అనేది తర్వాత సంగతి. ఇది నిజమేనా తమ్ముడూ?" అంది. ఈసారి తొందరపడి జవాబు చెప్పలేదు. పుస్తకాలు తిరగేశాను, నాతో చదువుకున్న ఎముకల డాక్టరును అడిగాను.

మోకాలు తలుపు మడతబందులా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతుందని మనమంతా అనుకుంటాం. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. 1890లో బెర్లినులో గ్లూక్ అనే ఆయన దంతంతో మడతబందు చేసి క్షయ పట్టిన మోకాళ్ళలో అమర్చాడు. అవి నిలవలేదు. తర్వాత లోహపు మడతబందులు వచ్చాయి, అవీ వదులైపోయాయి. ఎందుకంటే అసలు మోకాలు వంగడమే కాదు, మెలి తిరుగుతుంది కూడా.

ఇంట్లో తిరగలి ఉంటే ఒకసారి చూడండి. నడిమి మేకు కదలదు, పిడి ఉన్న అంచు తిరుగుతుంది. తొడ ఎముక కింది కొసన రెండు గుండ్లుంటాయి. రెండో మోకాలికి ఎదురుగా ఉండే లోపలి గుండు మేకు వంటిది. కాలు మడిచినప్పుడు దాదాపు ఉన్నచోటనే ఉంటుంది. బయటి గుండు వెనక్కి దొర్లుతుంది. కాలు పూర్తిగా చాచినప్పుడు చివర్లో చిన్న మెలిక పడి కీలు బిగుసుకుంటుంది. దర్శనం క్యూలో గంటలకొద్దీ నిలబడగలుగుతున్నామంటే ఆ బిగింపు చలవ కూడా ఉంది. 1970 ప్రాంతంలో లండనులో కృత్రిమ మోకీలు తయారుచేసిన తొలివారిలో ఒకరైన ఫ్రీమన్ గారే, తర్వాతి కాలంలో స్కానింగు సాయంతో ఈ కదలికను విడమరచి చూపారు.

1974లో న్యూయార్కులో ఇన్సాల్, వాకర్, రణావత్ అనే ముగ్గురు చేసిన కీలు ఈ వైద్యానికి దారి చూపింది. ఈ రణావత్ గారు మన మధ్యప్రదేశ్ వారే. నొప్పి పోవాలి, కీలు చాలాకాలం నిలవాలి అన్నవే వారి మొదటి లక్ష్యాలు. కదలిక తర్వాత. 1978లో ఆ కుటుంబంలోనే ప్లాస్టికు నడుమ చిన్న స్తంభం పెట్టి, వంగేటప్పుడు తొడ ఎముకను వెనక్కి నెట్టే ఏర్పాటు చేశారు. అమ్మకు పెట్టింది ఆ కోవదే.

కొత్త కీళ్ళు కొన్నింటిలో లోపలి పక్క గిన్నెలా లోతుగా, బయటి పక్క చదునుగా చేస్తున్నారు, తిరగలి మాదిరే. ఆలోచన బాగానే ఉంది. చిక్కల్లా ఇక్కడుంది. కదలికకు స్వేచ్ఛ ఎక్కువిస్తే లోహమూ ప్లాస్టికూ తాకే చోటు చిన్నదై, బరువంతా అక్కడే పడి ప్లాస్టికు అరుగుతుంది. గట్టిగా ఒదిగేట్టు చేస్తే మెలిక బలం ఎముకను పట్టిన సిమెంటు మీద పడుతుంది. మామూలుగా నడిచేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతలు పడుతుంది, మెట్ల మీద ఇంకా ఎక్కువ. పైగా ముందువైపు బంధనాన్ని చాలా ఆపరేషన్లలో తీసేస్తారు. దానితోపాటు కాలు ఎక్కడుందో మెదడుకు చెప్పే నరాల కొసలూ పోతాయి. అమ్మ మాటకు అర్థం అదే కావచ్చు.

ఇంతవరకు జరిగిన పోలికల్లో పాత, కొత్త కీళ్ళ మధ్య రోగులు చెప్పే తేడా స్వల్పమే. ఏ కీలు పెట్టినా అయిదుగురిలో ఒకరికి పూర్తి తృప్తి ఉండదు. మన్నిక మాత్రం గట్టిది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం నూటికి 82 కీళ్ళు 25 ఏళ్ళు నిలుస్తాయి. ధర సంగతికొస్తే, లక్షన్నర దాకా పలికిన మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకు 2017 ఆగస్టులో కేంద్రం 54,720 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. కనుక బిల్లులో కీలు ధర, పేరు విడిగా రాయించుకోండి. చక్కెర జబ్బున్నవారు దాన్ని అదుపులోకి తెచ్చుకున్న తర్వాతే బల్ల ఎక్కాలి.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. మెట్లెక్కడానికి 90, 100 డిగ్రీలు వంగితే చాలు. గొంతుకూర్చోవడానికి 130 దాటాలి. మార్చిన కీలు చాలామందికి 110, 120 దగ్గర ఆగుతుంది. ఆపరేషనుకు ముందు బాగా వంగే మోకాలే తర్వాతా బాగా వంగుతుంది. అందుకే ఇప్పటినుంచే కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాచి, పది లెక్కపెట్టి దించమన్నాను. పూటకు ఇరవైసార్లు.

"అంటే కొండెక్కచ్చు. ముగ్గు మాత్రం లేదు."

"కష్టమే అక్కా."

ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆపరేషను సంక్రాంతి దాటాకే పెట్టించమంది. నెలగంటు ముగ్గులు ఈ ఏటికి, నొప్పయినా సరే, కింద కూచోనే వేస్తుందట.