ఇంతకీ నా సైజెంత?

మనిషి పది కిలోలు తగ్గితే సంతోషించేవాళ్లు లోకంలో ఇద్దరే ఇద్దరు. ఒకరు డాక్టరు, రెండోవారు బట్టల షాపు యజమాని. మిగతా అందరూ కంగారుపడతారు. మా కరీంనగర్‌లో అయితే మరీను. "ఏందమ్మా, గింత గుంజుకపోయినవ్? పానం మంచిగుంటలేదా?" అని పాలు పోసే ఆయన మొదలు పక్కింటి అత్తమ్మ దాకా ఒకటే పరామర్శలు. లావుగా ఉన్నన్నాళ్లూ ఒక్కరూ నా ఆరోగ్యం గురించి అడిగిన పాపాన పోలేదు!

నాకేం రోగం రాలేదు. రక్తంలో చక్కెర గీత దాటేలా ఉందని డాక్టరమ్మ హెచ్చరిస్తే, పొద్దున్నే మానేరు డ్యాం కట్ట మీద నడక మొదలుపెట్టాను. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర. ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. నవలలు రాసేవాళ్లది కూర్చునే ఉద్యోగం కదా, తగ్గడమంటే మాటలు కాదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. బీరువాలో జాకెట్లన్నీ భుజాల మీంచి జారిపోతున్నాయి. సంచీ నిండా నింపుకుని మా గల్లీ టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. "పాత ఆదితోని నడవది అక్కా, మళ్ల కొలతలు తియ్యాలె" అని మెడలోంచి టేపు తీసింది. ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి పొడుగు, వీపు... ఒక్కొక్కటే నోటుబుక్కులో రాసుకుంది. "బట్ట కొయ్య. లోపలికి మడిచి కుడుత. రేపు మళ్ల లావైతే కుట్లిప్పుకుందువు" అంది. నా పట్టుదల మీద ఆమెకున్న నమ్మకం అదీ!

జాకెట్ల సంగతి తేలింది. మరి పొద్దున నడకకు కుర్తాలు? టవర్ సర్కిల్ వైపు బయల్దేరాను. మొదటి షాపులో పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసి "మీడియం" అంది. వేసుకుంటే అచ్చంగా సరిపోయింది! మేం చదువుకున్న రోజుల్లో మీడియం అంటే తెలుగు మీడియమో ఇంగ్లీషు మీడియమో. ఈ వయసులో నేనే మీడియం అయ్యానంటే ఆ సంతోషం ఎలా చెప్పను? అదే ఊపులో రోడ్డు దాటి ఇంకో షాపుకు వెళ్లాను. అక్కడి మీడియం నా మెడ దాకా వచ్చి ఆగిపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. చేతులు పైకెత్తి నేను లోపల నిలబడి ఉంటే, "ఎక్సెల్ తెస్త మేడం!" అని ఆ పిల్ల తలుపు బయటినుంచి షాపంతా వినబడేలా అరిచింది. మూడో షాపులో అక్షరాలు లేవు, అంకెలున్నాయి. 38 పట్టింది.

చూడండి మరి. రోడ్డు ఈ పక్కనుంచి ఆ పక్కకు పోయేసరికి ఎంత లావెక్కానో! మధ్యలో ఒక నిమ్మసోడా తప్ప తాగిందేమీ లేదు.

ఇంటికొచ్చి మూడు కుర్తాలనూ మంచం మీద పరిచి టేపు పెట్టాను. మీడియం ఛాతీ 41 ఇంచులు. ఎక్సెల్ కూడా 41. ఆ 38 అన్నది నలభై ఒకటిన్నర. ఒంటి కొలత మీద ఊపిరి పీల్చుకోవడానికి రెండు మూడు ఇంచులు లూజు వదలాలి కదా. చీటీ మీద కొందరు ఒంటి కొలత వేస్తారు, కొందరు బట్ట కొలత వేస్తారు. అక్షరాలకైతే ఆ మాత్రం లెక్క కూడా లేదు. మీడియం ఎంతన్నది ఏ కంపెనీ ఇష్టం దానిది.

ఈ గొడవ మనకే కాదు. అమెరికాలో 1939, 1940 సంవత్సరాల్లో ప్రభుత్వమే పూనుకుని సుమారు 15,000 మంది ఆడవాళ్లను కొలిపించింది. ఒక్కొక్కరికి 59 కొలతలు! మన టైలరమ్మలు కూడా అన్ని తియ్యరు. తీరా లెక్క కట్టేటప్పుడు తెల్లజాతి స్త్రీల కొలతలే తీసుకున్నారు. ఆ లెక్కల మీద 1958లో దేశమంతటికీ ఒక సైజుల పట్టిక వేశారు. అందులో ఆడవాళ్లు ఇమడలేదు. 1983లో ప్రభుత్వం దాన్ని వదిలేసుకుంది. ఆ తర్వాత కంపెనీలు ఒక కిటుకు బాగా వంటబట్టించుకున్నాయి. బట్టను పెద్దది చేసి, చీటీ మీద అంకెను చిన్నది చేస్తే ఆడది మురిసిపోయి కొనుక్కుంటుందని. టవర్ సర్కిల్‌లో నేను మురిసిపోలేదూ?

మన దేశపు రెడీమేడ్ సైజులు చాలామటుకు విదేశీ పట్టికల నుంచి అరువు తెచ్చుకున్నవే. మన ఒళ్లకు మన పట్టిక కావాలని నిఫ్ట్ సంస్థ దేశంలో ఆరు నగరాల్లో 25,000 మంది స్త్రీ పురుషులను కొలిచే పని పెట్టుకుంది. ఆ ఆరింటిలో మన హైదరాబాదు కూడా ఉంది.

ఇవన్నీ చూస్తే మన చీర ఎంత మర్యాదస్తురాలో తెలుస్తుంది. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం మా పక్కనున్న సిరిసిల్ల మగ్గాల మీద నేసినవే. వాటిలో రకాలు రెండే: ఆరు మీటర్ల పైచిలుకువి, గోచి కట్టే పెద్దమనుషులకు తొమ్మిది మీటర్లవి. అంతే తప్ప లావువాళ్లకొకటి, సన్నవాళ్లకొకటి లేదు. చీర ఎవరినీ "ఎక్సెల్ తెస్త" అనలేదు.

నవ్వుకుని ఇక్కడితో వదిలేసేదాన్నే, ఆదిలాబాదులో మా చెల్లె బిడ్డ లేకపోతే. డిగ్రీ చదువుతోంది. నిశ్చితార్థానికని ఆన్‌లైన్‌లో లెహంగా తెప్పించుకుంది. ఎప్పుడూ వేసుకునే మీడియమే, కానీ జాకెట్టు హుక్కులు పడలేదు. లార్జ్ తెప్పించుకోమని తల్లి అంటే ససేమిరా వినలేదు. మూడు వారాలు రాత్రి తిండి మానేసింది. పొద్దున ఒక ఆపిల్ పండు, అంతే. "కాలేజీల కండ్లు తిరిగి పడ్డదట అక్కా" అని చెల్లె ఫోన్లో ఏడ్చింది.

టేపు, మూడు కుర్తాలు సంచీలో వేసుకుని బస్సెక్కాను. డాక్టరు రక్తం తక్కువుందని మందులు రాశాడు. పిల్ల మొహం వాడిపోయి ఉంది. "నేను లార్జ్ అయిన పెద్దమ్మా" అంది, అదేదో పరీక్ష తప్పినట్టు.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. కుర్తాలు ముందు పడేసి, "కొలువు బిడ్డా" అన్నాను. కొలిచింది. చీటీలు చూసింది. మళ్లీ కొలిచింది. తర్వాత తనే లేచి పాత మీడియం జాకెట్టు తెచ్చి కొత్తదాని పక్కన పెట్టి కొలిచింది. కొత్తది రెండు ఇంచులు చిన్నది!

"అంటే నేను లావు కాలేదా?"

"అయినా కాకున్నా అన్నం మానేస్తరా? నేను తగ్గింది డాక్టరు చెప్తే. నీకు ఎవరు చెప్పిన్రు, గీ చీటీనా?"

ఆ పూట పప్పుచారుతో అన్నం తిన్నది. మనసులో భయం పూర్తిగా పోయిందని చెప్పను. నిశ్చితార్థం దాకా రోజుకు రెండుసార్లు అద్దంలో పక్కకు తిరిగి చూసుకుంటూనే ఉందట. రెడీమేడ్ జాకెట్టు లోపల విప్పడానికి మిగులు బట్ట కూడా లేదు. మరేం చేస్తాం, దుపట్టా అంచు కత్తిరించి రెండు పక్కలా అతుకులు వేయించాం. డిజైన్ బాగుందని పెళ్లివారు మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక టేపు ఉంటోంది. షాపులో పిల్లలు "ఏ సైజు మేడం?" అంటే, "ముందు నీ బట్ట సైజెంతో తేలనియ్యి బిడ్డా, తర్వాత నా సంగతి చూద్దాం" అంటున్నాను. నవ్వుతున్నారు గానీ, టేపు రెండో కొస మాత్రం పట్టుకుంటున్నారు.