సంతకం లేని గోడ

మన గోడపత్రికలో ప్రతి రచన కిందా పేరుంటుంది. కానీ మన రాయగడ జిల్లాలోనే, గుణుపురం దాటి పుట్టాసింగి వైపు కొండ ఊళ్లలో, పేరు రాయకుండా గోడ మీద బొమ్మలు వేసే చిత్రకారులున్నారు. వాళ్లు లాంజియా సవరలు. ఆ బొమ్మని ఇడితాల్ అంటారు.

ఎర్రమట్టి పూసిన గోడ మీద, బియ్యప్పిండి నీళ్లతో, వెదురు పుల్లతో వేస్తారు. ముందు చుట్టూ అంచు గీసి తర్వాత లోపలికి వస్తారు. మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు, అన్నీ గీతలే. ముఖాలుండవు. చాలామంది చూడగానే "వార్లీ కదా" అనేస్తారు. వార్లీ మహారాష్ట్రది. అందులో మనిషి ఒళ్లు రెండు త్రిభుజాలు మొనలు కలిపినట్టుంటుంది. ఇడితాల్‌లో త్రిభుజం అంత కోసుగా ఉండదు.

ఇది అలంకారం కోసం పుట్టింది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట బాగా రావాలన్నా, చనిపోయినవాళ్లని తలుచుకోవాలన్నా వేస్తారు. ఏ 'సోనుం'కి, అంటే ఏ ఆత్మకి, బొమ్మ కావాలో పూజారి చెబుతాడు. ఒక రకంగా ఆ బొమ్మ సోనుంకి కట్టిన ఇల్లు. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో వచ్చిన తన పుస్తకంలో వీటిని 'ఐకాన్లు' అన్నాడు. అప్పటికే వాటిలో విమానాలు, సైకిళ్లు కూడా చేరాయి.

ఐకాన్ అనగానే మాలెవిచ్ గుర్తొస్తాడు. 1915లో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో తన 'నల్ల చతురస్రా'న్ని గది మూలన పైకి, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోట తగిలించాడు. 1919లో బెలారుస్‌లోని విటెబ్‌స్క్ వెళ్లి పాఠాలు చెప్పాడు. ఆయన బృందం ఆ ఊరి గోడల మీద వలయాలు, చతురస్రాలు వేసింది. ఆయన పేరు ప్రపంచానికి తెలుసు. మన కొండల గోడ మీద గీసినవాళ్ల పేరేంటో పక్క ఊరికే తెలీదు.

మా ఇంట్లో నానమ్మ మార్గశిర గురువారాల్లో పిండినీళ్లతో ఝోటి వేస్తుంది, అమ్మ సంక్రాంతికి ముగ్గులు వేస్తుంది. ఒకరిది ఒడియా, ఒకరిది తెలుగు. ఇద్దరూ సంతకం పెట్టరు. "అది లక్ష్మిది, నాది కాదు" అంటుంది నానమ్మ. పేరు లేకపోవడం చిన్నతనం కాదని ఆ మాటతో తెలిసింది.

అయితే వాకిట్లో ముగ్గుని ఎవరూ అమ్మరు కదా! ఇడితాల్ ఇప్పుడు చీరల మీదా కప్పుల మీదా అమ్ముడవుతోంది. ఇంటి గోడ మీద మాత్రం తగ్గింది. చాలా సవర కుటుంబాలు క్రైస్తవంలోకి వెళ్లాయి, సిమెంటు గోడలూ వచ్చాయి. సోనుం కోసం వేసినప్పుడు పేరు అక్కర్లేదు, సోనుంకి తెలుసు. కొనేవాడి కోసం వేసినప్పుడు పేరు కావాలి. లేకపోతే డబ్బూ, మెప్పూ మధ్యవాళ్ల దగ్గరే ఆగిపోతాయి. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రానికి జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ జీఐ ఆ ప్రాంతాన్నీ ఆ కళనీ కాపాడుతుంది, గీసిన చెయ్యి ఎవరిదో చెప్పదు.

గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం ఆగస్టు 29న వాడుకభాష కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఆయన సవర భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి, వాళ్ల పిల్లలకి బడులు కూడా పెట్టారు. ముందు వాళ్ల మాట విన్నారు, తర్వాతే రాశారు.

మనం చేయగలిగింది చిన్నదే. ఈసారి ఫెస్ట్‌కి తెర మీద ఆ బొమ్మలు వేస్తే 'ట్రైబల్ డిజైన్' అని కాకుండా 'ఇడితాల్, లాంజియా సవర' అని రాద్దాం. సంతలో బొమ్మ కొంటే వేసినవాళ్ల పేరు అడుగుదాం. చెప్పడం వాళ్లకి ఇష్టమైతే, పటం కింద ఆ పేరు రాసి మరీ తగిలిద్దాం.