నాయిన పేరు మీది బిల్లులు

2025 ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. వృద్ధుల హోంలో నాయినకు రెండు చెంచాల పానకం పట్టించి, అట్నుంచి అటే దమ్మాయిగూడ ఇంటికి వెళ్లాను. పోయిన నెల ఆయన్ని హోంలో చేర్చినప్పటి నుంచీ ఇల్లు తాళంలోనే ఉంది. గేటు సందులో కరెంటు బిల్లు చుట్టి పెట్టి ఉంది.

బీరువా పైఅరలో నాయిన ఫైలు దొరికింది. అట్ట మీద ‘ఇల్లు’ అని ఒకే మాట. 1998లో మీటరు వచ్చిన రోజు నుంచి ఒక్క రసీదు పోలేదు. మొదటి కరెంటు రసీదులు విద్యుత్ బోర్డువి. 2000 తర్వాత సెంట్రల్ పవర్ కంపెనీ, తెలంగాణ వచ్చాక టీఎస్‌ఎస్‌పీడీసీఎల్, పోయినేడు నుంచి టీజీఎస్‌పీడీసీఎల్. ఇంటి పన్ను కాగితాలూ అంతే. ముందు కీసర మండలం, రంగారెడ్డి జిల్లా అని గ్రామ పంచాయతీ రసీదులు. 2016లో జిల్లా మారింది, 2019లో పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. పైన ముద్ర ఎన్నిసార్లు మారినా కింద యజమాని గడిలో పేరు ఒక్కటే.

మిషన్‌లోంచి వచ్చే చిన్న బిల్లు మీద అక్షరాలు ఏడాది తిరక్కుండానే వెలిసిపోతాయి. అది తెలిసి ప్రతి బిల్లు వెనకాల తారీఖు, యూనిట్లు, కట్టిన డబ్బు బాల్‌పెన్నుతో రాసుకున్నాడు. ముందువైపు తెల్లగా అయిపోయినవి కూడా వెనకవైపు చదవొస్తున్నాయి. నాచారం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. కొలత రాసిపెట్టకుండా ఏ పనీ ముగించడు. చివరి రాత జనవరిది. ఆ తర్వాత పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది.

పాలవాడికి, పేపరు అబ్బాయికి బాకీ తీర్చి ఆపేశాను. కేబుల్ తీయించాను. కరెంటు, ఇంటి పన్ను, గ్యాసు, ఫోను మిగిలాయి. రాత్రి పుణె నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నీ నీ పేరు మీదికి మార్పించుకో అక్కా, ఒక్కసారే ఖతమైపోతది” అన్నాడు. వాడు నా మీద భారం తగ్గాలనే అన్నాడు. కానీ మనిషి ఉండగా ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయించడానికి నాకు చెయ్యి రాదు. ఆయన మంచంలో ఉన్నాడు, అంతే. ఇల్లు ఆయనది, లెక్క ఆయనది. నేను కట్టి వస్తాను, వచ్చి చెబుతాను.

ఏప్రిల్ 29, మంగళవారం

ఇంటి పన్ను ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాదిదంతా ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు. నాయిన ఏ ఏడూ దాన్ని వదులుకోలేదు. ఇవాళ ఆన్‌లైన్‌లో కట్టేసి, సాయంత్రం హోంకు వెళ్లి చెప్పాను.

“రసీదేది?”

“ఫోన్ల ఉంది నాయినా.”

“ఫోన్ల ఉంటే ఫైల్ల ఎట్ల పెడ్తవ్? కాయితం తే బిడ్డా.”

మాట ముద్దముద్దగా వస్తున్నా అడిగేది మాత్రం సూటిగా అడుగుతాడు. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి తెచ్చిచ్చాను. ఎడమ చేత్తో పట్టుకుని పేరు, ఇంటి నంబరు చూసుకుని, మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

పోస్టాఫీసు పని కూడా ఈ నెలలోనే అయింది. సీనియర్ సిటిజన్ స్కీములో ఆయనకు 15 లక్షలు ఉన్నాయి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. ఏడాది వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి 15హెచ్ ఫారం ఇవ్వకపోతే టీడీఎస్ కోసేస్తారు. ఈపీఎస్ పింఛను రెండు వేల చిల్లర. అన్ని ఏళ్ల చాకిరీకి వచ్చేది అంతే. జీతం ఎంతున్నా, ఆయన దిగిపోయేనాటికి 6,500 మీదనే పింఛను లెక్కగట్టేవాళ్లు. ఆ ఫార్ములాలో ఎంత సర్వీసున్నా బతికేంత రాదు. ఈ సంగతి తల్చుకున్నప్పుడల్లా కడుపు మండుతుంది.

హోంకు నెలకు 22 వేలు. డైపర్లు, ఫిజియోథెరపీ వేరే. ఈ హోం ధర్మసంస్థగా రిజిస్టరైనది. అరవై దాటినవాళ్ల దగ్గర తిండి, వసతి అన్నీ కలిపి నెలకు 25 వేల లోపు తీసుకుంటే అలాంటి సంస్థలకు జీఎస్టీ లేదు. లాభానికి నడిపేవాటిలో 18 శాతం పడుతుంది. చేర్చేటప్పుడు రేటు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు, రసీదు ఎవరి పేరు మీద ఇస్తారో, పన్ను కలిపి చెబుతున్నారో లేదో అడగాలి.

మే 16, శుక్రవారం

బ్యాంకు సంగతి తేలింది.

నాయిన సంతకం తెలుగులో, ఇంటిపేరుతో సహా పూర్తిగా. ఇప్పుడు ఎడమ చేత్తో ఆ సంతకం రాదు. కౌంటర్లో ఒకరు “సంతకం కలవట్లేదు” అన్నారు. ఇంకొకరు “సార్‌ని ఒకసారి తీసుకురండి” అన్నారు. మెట్లెక్కి వెళ్లే బ్రాంచి, లిఫ్టు లేదు. బయట సెక్యూరిటీ అతను జాలిపడి, “ఏటీఎం కార్డు, పిన్ను మీ దగ్గరుంటే ఇదంతా ఎందుకమ్మా” అన్నాడు. చాలా ఇళ్లలో జరుగుతున్నది అదే. దగ్గరి దారి లేక జనం దొడ్డిదారిన పోతున్నారు. రేపు అన్నదమ్ముల మధ్య మాట వస్తే ఆ తీసిన ప్రతి రూపాయికీ జవాబు ఎవరు చెప్పాలి?

నిజానికి దీనికి దారి ఎప్పటినుంచో ఉంది. సంతకం చేయలేని, మంచం దిగలేని ఖాతాదారు వేలిముద్ర వేయొచ్చని రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయ్యుండాలి. డబ్బు ఎవరు తీసుకెళ్తారో కూడా ఖాతాదారే చెప్పాలి. డెబ్భై దాటినవాళ్లకు ఇంటి దగ్గరికే సేవ అందించాలని 2017 నవంబరులో ఇంకో సర్క్యులర్ ఇచ్చింది. రెండూ ప్రింటు తీసి, అర్జీకి జతచేసి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాను. మేనేజరు చదివి, కూర్చోమన్నాడు. ఇవాళ ఒక ఆఫీసరు హోంకు వచ్చాడు.

కుర్రవాడు, మర్యాదస్తుడు. నేను సంచీలోంచి కాగితాలు తీస్తుంటే ఆపి, “మేడం, ముందు సార్‌తో మాట్లాడనివ్వండి” అన్నాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని, ఖాతా ఎక్కడుందో, పింఛను ఎంతో, డబ్బు ఎవరు తేవాలో ఒక్కొక్కటీ నాయిననే అడిగాడు. నాయిన వేలు నా వైపు చూపించి, “పెద్ద బిడ్డ” అన్నాడు. తర్వాత ఇంకు ప్యాడు. ఎడమ బొటనవేలు ఒత్తాక ఆ నల్లటి వేలిని కాసేపు చూసుకున్నాడు. ఫ్యాక్టరీలో జీతాల రోజున వేలిముద్రగాళ్లకు వేరే లైను ఉండేదని, తను ఎప్పుడూ ఆ లైన్లో నిలబడలేదని మాకు చిన్నప్పుడు చెప్పేవాడు. ఆఫీసరుకు ఏం అర్థమైందో గానీ, “ఎడమ చేత్తో సంతకం అలవాటు చేసుకోండి సార్, కుదిరినాక అది కొత్తగా తీసుకుంటాం” అన్నాడు. అతను వెళ్లగానే నాయిన కాగితం, పెన్ను అడిగాడు.

జూన్ 8, ఆదివారం

అన్నిటికన్నా చిన్న బిల్లు ఫోను రీచార్జి. అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. పోస్టాఫీసు, బ్యాంకు, ఆధార్, గ్యాసు, కరెంటు, అన్నిటికీ ఇచ్చింది నాయిన పాత నంబరే. మంచంలో ఉన్నవాళ్లకు ఫోనెందుకని రీచార్జి మానేస్తే, తొంభై రోజులు వాడకం లేని నంబరును కంపెనీ తీసేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు ఓటీపీలు ఎవరికో పోతాయి. హోంలో ఒకావిడ కొడుకు ఈ తిప్పలే పడుతున్నాడు. ఆధార్‌లో నంబరు మార్పించడానికి ఆమెను వీల్‌చైర్‌లో సెంటరుకు మోసుకుపోయాడు.

ఆయన బటన్ ఫోను ఆయన దగ్గరే ఉంచాను. నా దగ్గర పెట్టుకుంటే పని తొందరగా అవుతుంది, కాదనను. కానీ తన డబ్బు కదిలే ప్రతిసారీ ఆయనకు తెలియాలి. అందుకని ఫోన్ చేసి, “నంబరొస్తది నాయినా, చదువు” అంటాను. ఆయన అద్దాలు పెట్టుకునేసరికే కొంత సమయం పోతుంది. “నాలుగు... ఏడు... ఆగు... సున్న...” ఒక్కోసారి చదవడం పూర్తయ్యేలోపే గడువు దాటిపోతుంది. మళ్లీ పంపించుకుంటాం. ఆరు అంకెలూ సరిగ్గా పడ్డ రోజున అవతల ఆయన గొంతులో హుషారు వినిపిస్తుంది. “అయిందా? ఎంత కోసిండ్రు?” అని అడుగుతాడు. తొందర పడకూడదని ప్రతి నెలా నాకు నేను చెప్పుకుంటూనే ఉంటాను.

కరెంటు బిల్లు తగ్గింది గానీ సున్నా కాదు. ఫ్రిజ్ బందు చేసినా ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వస్తూనే ఉంటాయి. పైగా వారానికోసారి వెళ్లి బోరు మోటరు కాసేపు నడుపుతున్నాను, లేకపోతే పట్టేస్తుంది.

జూలై 21, సోమవారం

బోనాల సెలవు. వకీలు ఇంట్లోనే ఉంటానన్నారు, వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ చిత్తు చూసుకొచ్చాను.

ఆమె చెప్పిన ఒక విషయం పొద్దుట్నుంచీ మనసులో తిరుగుతోంది. ఇచ్చినాయన మతి స్థిమితం తప్పితే ఆ పవర్ అక్కడితో చెల్లిపోతుందట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. అంటే పెద్దవాళ్లకు మతిమరుపు జబ్బు ముదిరి, పిల్లలకు ఆ కాగితం నిజంగా కావాల్సిన రోజునే అది పనికిరాకుండా పోతుంది. ఆ తర్వాత ఏముంది అంటే హైకోర్టులో రిట్ వేసి సంరక్షకులుగా నియమించమని అడగాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో సంరక్షకుల ఏర్పాటు ఉంది గానీ, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి. ముసలితనంలో వచ్చే మతిమరుపు అందులో లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద ప్రతినిధిని పెట్టుకోవచ్చు, అదీ వైద్యం వరకే. బ్యాంకు పుస్తకం జోలికి రాదు. ఇంగ్లండులో 2005లోనే చట్టం చేశారు. మతి బాగున్నప్పుడే రాసి రిజిస్టరు చేయించుకుంటే, మతి పోయాక కూడా ఆ పత్రం నిలుస్తుంది. మన దగ్గర ఆ పత్రం లేదు. బతికున్నవాళ్లకు ఒక ఫారం ఉంది, పోయినవాళ్లకు ఒక ఫారం ఉంది. ఉండీ చెప్పుకోలేనివాళ్లను ఏ గడిలో రాయాలి? ఊరూరా హోంలు నిండుతున్న కాలంలో ఈ చట్టం రాకపోవడం అన్యాయం.

నాయినకు మతి బాగుంది. అందుకే ఇప్పుడే రాయించాలి. సాయంత్రం చిత్తు చదివి వినిపించాను. బిల్లులు, బ్యాంకు, పోస్టాఫీసు, ఇల్లు అద్దెకివ్వడం. అంతా విన్నాడు.

“అమ్మే హక్కు గూడ రాసినవా?”

“లేదు నాయినా.”

“మంచిది. అది నేనున్నన్ని రోజులు నాకే ఉండనీ.”

నవంబర్ 10, సోమవారం

లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాం. పోయినేటి వరకు బ్యాంకులో మిషన్ మీద వేలు పెట్టి ఇచ్చేవాడు, అదీ మూడు నాలుగుసార్లు తుడిచి తుడిచి పెడితే గానీ పడేది కాదు. ఇనుప రజను, ఆయిలు ఆ వేళ్ల గీతలను ఎప్పుడో తినేశాయి. ఇప్పుడు ముఖం చూపిస్తే చాలు. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్‌కు 2021లో ఈ ముఖం పద్ధతి వచ్చి చేరింది. ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి, ఆధార్ నంబరు, పింఛను ఉత్తర్వు (పీపీఓ) నంబరు దగ్గర పెట్టుకోవాలి. అది రాకపోతే పోస్ట్‌మ్యాన్‌ని పిలిపించుకోవచ్చు.

మంచాన్ని కిటికీ వైపు జరిపాం, ముఖం మీద వెలుతురు పడాలని. ఆయా తల దువ్వింది. ఫోను కళ్లార్పమంటుంది, ఆయనేమో ఫొటో అనుకుని కళ్లు పెద్దవి చేసి కదలకుండా చూస్తాడు. “రెప్ప కొట్టు నాయినా” అని నేను నా కళ్లు ఆర్పి చూపించాను. ఆకుపచ్చ వలయం వచ్చింది, కాసేపటికి ఆయన ఫోనుకే మెసేజి వచ్చింది. ఈపీఎస్ వాళ్లకు ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. పక్క మంచం పెద్దాయన తనకు కూడా చేసిపెట్టమన్నాడు. ఆయన పీపీఓ నంబరు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పాత పాస్‌బుక్ మొదటి పేజీ చూడమని వాళ్ల కోడలికి చెప్పాను.

డిసెంబర్ 14, ఆదివారం

దమ్మాయిగూడ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. దాంతో కలిపి మొత్తం 27 పట్టణాలు, నాగారం, పోచారం, ఘట్‌కేసర్, జవహర్‌నగర్, బోడుప్పల్, పీర్జాదిగూడ అన్నీ. ఇక మీద ఇంటి పన్ను కాగితం మీద ఇంకో ముద్ర వస్తుంది. నాయినకు చెబితే మొదట అడిగింది, “పన్ను పెంచుతరా?” అని. రెండోది, “నల్లా ఇస్తరా?” అని. వచ్చే ఏప్రిల్‌లో కట్టేటప్పుడు పాత రసీదులన్నీ వెంట తీసుకెళ్లమన్నాడు.

ఇల్లు అద్దెకివ్వాలన్నది కూడా ఆయన నిర్ణయమే. పింఛను, పోస్టాఫీసు వడ్డీ కలిపినా నెలకు పన్నెండు వేల చిల్లర, మిగతాది నేనూ తమ్ముడూ వేస్తున్నాం. ఆ సంగతి మేం ఎన్నడూ ఆయన ముందు ఎత్తలేదు. ఆయనే లెక్క వేసుకున్నాడు. టు-లెట్ బోర్డు పెట్టిన వారానికే చర్లపల్లిలో పనిచేసే ఒక జంట వచ్చింది. వాళ్లకు తెల్లకార్డు ఉంది. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు జీరో బిల్లు అద్దెకున్నవాళ్లకు కూడా వర్తిస్తుంది, అందుకని మీటరు నంబరు అడిగారు. ఇచ్చాను. కార్డు వాళ్లదైనా బిల్లు మీద పేరు మారదని అడిగి తెలుసుకున్నాకే ఇచ్చాను.

ఇవాళ పదకొండు నెలల అగ్రిమెంటు చదివి వినిపిస్తుంటే నాయిన మధ్యలో ఆపాడు.

“డంపింగ్ యార్డు వాసన సంగతి చెప్పినవా?”

“చూడనీకి వచ్చినప్పుడు గాలి ఇటు లేకుండే నాయినా.”

“వానాకాలంల రాత్రిపూట వస్తది. అడ్వాన్సు తీసుకోకముందే చెప్పు. చెప్పి, ఉంటమంటేనే తాళం ఇయ్యి.”

బయటికి వచ్చి వాళ్లకు ఫోన్ చేసి చెప్పాను. భార్యాభర్తలు మాట్లాడుకుని రేపు చెబుతామన్నారు. వాళ్లు వద్దంటే బోర్డు మళ్లీ కట్టాలి. మోటరు స్విచ్చు మార్పించాలి, గ్యాసు కనెక్షన్‌ను ఏజెన్సీలో తాత్కాలికంగా అప్పగించి వోచరు తీసుకోవాలి, జనవరి మొదట్లో పోస్టాఫీసు వడ్డీ పడిందో లేదో చూడాలి.