డిస్‌ఫంక్షన్‌కి తెలుగేమిటి?

మా పెద్దమ్మ లివర్ క్యాన్సర్‌తో పోయింది. ఆవిడ జీవితంలో ఒక్క చుక్క తాగి ఎరగదు. ఈ రెండో వాక్యం పనిగట్టుకుని చెప్పాల్సి రావడం మా అక్కకి చావంత బాధ. పరామర్శకొచ్చినవాళ్లు ముందు పెదనాన్న వైపు చూసేవారు. ఆయనకీ అలవాటు లేదని తెలిశాక గొంతు తగ్గించి, "మరి లివర్ ఎందుకు పాడైందమ్మా?" అనేవారు. హెపటైటిస్ బి, సి పరీక్షల్లో ఏమీ లేదు. ఉన్నదల్లా ఇరవయ్యేళ్ల షుగరు, లివర్‌లో కొవ్వు.

దినాలు అయ్యాక అక్క ఒక ఇంగ్లీషు వ్యాసం ప్రింటు తీసి నా ముందు పెట్టింది. "పీహెచ్‌డీ చేశావు కదే, ఇందులో ఏముందో తెలుగులో చెప్పు" అంది. నాది సాహిత్యమని తెలిసే అడిగింది. లివర్ క్యాన్సర్ ముదరడంలో మైటోకాండ్రియల్ డిస్‌ఫంక్షన్ పాత్ర గురించిన వ్యాసం అది. నేను శీర్షిక దగ్గరే ఆగిపోయాను. డిస్‌ఫంక్షన్‌ని ఏమనాలి? లోపమా? వైఫల్యమా? పనిచేయకపోవడమా?

మైటోకాండ్రియాతో చిక్కు లేదు. బళ్లో 'కణ శక్త్యాగారాలు' అని బట్టీపట్టిన మాటే. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ తన వ్యాసం శీర్షికలో వాడిన 'పవర్‌హౌస్' పోలికే అది. అంతకు చాలా ముందు, 1898లో, కార్ల్ బెండా పెట్టిన పేరుకి అర్థం దారం, రేణువు. చూసింది చూసినట్టు చెప్పిన ఆ పేరే నాకిష్టం. పవర్‌హౌస్ అన్నామా, ఇక కరెంటు ఉండటం, పోవడం తప్ప మూడోది తోచదు.

ఒట్టో వార్‌బర్గ్‌కీ అలాగే అయిందేమో అనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ని ఎక్కువగా లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటాయని ఆయన 1920ల్లో గమనించాడు. ఆ పరిశీలన ఇప్పటికీ నిలిచింది. కానీ కణ శ్వాస బాగుపడనంతగా చెడిపోవడమే క్యాన్సర్‌కి మూలమని 1956లో వాదించాడే, అది అలా నిలవలేదు. చాలా క్యాన్సర్లలో మైటోకాండ్రియా పనిచేస్తూనే ఉంటాయి. విభజన చెందే కణాలకి ముడిసరుకు అందిస్తూ ఉంటాయి. పని ఆగలేదు, ఎవరికోసం అన్నదే మారింది.

లివర్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ కొవ్వుని కాల్చే పని వీటిదే. మోతాదుకి మించి కొవ్వు వచ్చిపడితే ఇవి వెంటనే చతికిలపడవు. 2015లో జర్మనీ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఊబకాయం ఉన్నవారి లివర్‌లో మైటోకాండ్రియా శ్వాస సన్నగా ఉన్నవారి కన్నా చాలా ఎక్కువ. కొవ్వుకి వాపు కూడా తోడైన దశలో మాత్రం అది పడిపోయింది, ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థాలు పెరిగాయి. అవి డీఎన్ఏని దెబ్బతీస్తాయి. కణాలు చస్తుంటే, మిగిలినవి ఆ దెబ్బలతోనే మళ్లీ మళ్లీ విభజన చెందుతాయి. కంతి పుట్టడానికి అక్కడ వీలు దొరుకుతుంది.

ఇదంతా చెప్పాక అక్క, "అయితే మోయలేనంత మోసి కూలబడటం అని రాయి" అంది. మంచి తెలుగే. కానీ ఆ మాట వినగానే మా ఇద్దరికీ వంటింట్లో పెద్దమ్మ కనబడిందని నాకు తెలుసు. జబ్బు మీద పోలికలు రుద్దొద్దని సుసాన్ సాంటాగ్ 1978లో ఒక పుస్తకమే రాసింది. దాన్ని పాఠంగా చెప్పినదాన్ని, ఈ పోలికకి లొంగకూడదనుకున్నాను. పెద్దమ్మకి చాకిరీ వల్ల క్యాన్సర్ రాలేదు. నెలాఖర్లో ఆవిడ షుగరు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేది. డాక్టరు రాసిచ్చిన స్కాన్ నాలుగేళ్లు వాయిదా పడింది, ఒక్కో ఏడూ ఇంట్లో ఒక్కో అవసరం. ఇందులో పోలిక ఏమీ లేదు.

2023లో ఈ జబ్బుకి పేరు మార్చారు. 'నాన్ ఆల్కహాలిక్', 'ఫ్యాటీ' అన్న మాటలు రోగులని కించపరుస్తున్నాయని తీసేసి, 'మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టియటోటిక్ లివర్ డిసీజ్' అన్నారు. కొవ్వునే గ్రీకులో అంటే కించపరచడం కాదన్నమాట! అయినా మార్పు మంచిదే. తాగలేదు అన్న సంజాయిషీ జబ్బు పేరులోనే ఉండటం ఏం న్యాయం? పోయిన డిస్‌ఫంక్షన్ మాత్రం పేరులోకే వచ్చి కూర్చుంది.

చివరికి అక్క అసలు ప్రశ్న అడిగింది. "మైటోకాండ్రియా అమ్మ నుంచే వస్తాయట కదా. మరి నాకూ?" నిజమే, అవి తల్లి అండం నుంచే వస్తాయి, తమ 37 జన్యువులతో సహా. కానీ పెద్దమ్మ లివర్ కణాల్లో ఏళ్ల తరబడి జరిగిన నష్టం కడుపున పుట్టినవాళ్లకి దిగదు. ఇందులో అమ్మ నీకు పెట్టిన శాపమేమీ లేదని చెప్పాను. కుటుంబంలో దిగే అవకాశమున్నది షుగరు. అక్కకి అది వచ్చి ఆరేళ్లయింది.

"స్కాన్‌కి ఎప్పుడెళ్తున్నావు?" అన్నాను.

"చిన్నాడి ఇంటర్ పరీక్షలయ్యాక."