మురుగు తొట్టిలో వేటగాళ్లు

ఇవాళ మురుగునీటి కబుర్లు. ముక్కు మూసుకోకండి, వాసన కాగితం దాటి రాదు.

ఒకప్పుడు విశాఖ దగ్గరి ఆనందపురం అంటే పూల మార్కెట్టే. ఇప్పుడు హైవే వెంట, గంభీరం వైపు, అటు మధురవాడ దాకా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. పెద్ద డ్రైనేజీ పైపు రాని చోట ఎవరి మురుగు వాళ్లే శుద్ధి చేసుకోవాలి. సెల్లార్ పక్కన ఓ ట్యాంకు, దానికి గాలి ఊదే బ్లోయరు, చూసుకోడానికి ఓ కుర్రాడు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డర్న్, లాకెట్ కనిపెట్టిన పద్ధతే ఇది. ఆ కుర్రాడు లీటరు కొలజాడీ నిండా ట్యాంకు నీళ్లు పట్టి పక్కన పెడతాడు. అరగంట కదపకపోతే మట్టిరంగు స్లడ్జ్ ముద్దలు ముద్దలుగా అడుక్కి దిగి, పైన తేట నిలుస్తుంది. ఆ ముద్దలే బ్యాక్టీరియా. మన గంజీ, సబ్బూ, మిగతావీ తిని బతికేది అవే.

స్లడ్జ్ దిగకపోయినా, వాసనొచ్చినా అసోసియేషన్ వాళ్లు వెంటనే ‘కల్చర్’ పొడి కొంటారు. గ్రాముకి ఇన్ని కోట్ల బ్యాక్టీరియా అని డబ్బా మీద ఉంటుంది. వేసిన కోట్లు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగరు. చాలాసార్లు తినేస్తారండీ, అప్పటికే లోపల కాపురమున్నవాళ్లు!

బ్యాక్టీరియా కన్నా పెద్దవైన ఏకకణ జీవులు వాటిని మేస్తాయన్నది పాత సంగతే. బ్యాక్టీరియాను తినే ఓ బ్యాక్టీరియా 1962లో బయటపడింది. జర్మనీలో హైంజ్ స్టోల్ప్ మట్టిలో బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల కోసం వెతుకుతున్నాడు. పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా చచ్చినచోట తేట మచ్చలు పడతాయి. వైరస్ మచ్చలైతే ఒక రోజులో తేలిపోవాలి. ఇవి ఆలస్యంగా మొదలై, రోజురోజుకీ పెద్దవవుతూ పోయాయి. చేసింది వైరస్ కాదు, బ్డెల్లోవిబ్రియో. పలకడానికి నోరు తిరగదు గానీ దాని పని చూడండి.

సెకనుకి తన ఒంటి పొడవుకి వంద రెట్ల దూరం ఈదుతుంది. ఎర తగిలిందా, అతుక్కుంటుంది. కన్నపు దొంగలా గోడకి చిల్లు పెట్టి లోపలికి దూరి, ఆ చిల్లు మళ్లీ పూడ్చేస్తుంది. బయటి పొరకీ లోపలి పొరకీ మధ్య తిష్ఠవేసి ఎరను తింటూ పొడుగ్గా సాగుతుంది. ఎర గుండ్రంగా ఉబ్బుతుంది. తిండి అయిపోగానే ఆ పొడుగు ఒళ్లు ముక్కలై పిల్లలవుతుంది, అవి గోడ పగలగొట్టుకుని బయటపడతాయి. మొత్తం మూడు నాలుగు గంటల వ్యవహారం.

అయితే రెండు పొరల గోడ ఉన్న గ్రామ్ నెగెటివ్ రకాలనే ఇది పడుతుంది. ఇ.కోలై, సాల్మొనెల్లా ఆ బాపతే కాబట్టి మనకి మేలే. కానీ మంచీ చెడూ ఎంచే వేటగాళ్లు కారు వీళ్లు. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోస్పైరా మనకి కావలసిన బ్యాక్టీరియా. దాని గుంపుల మీద దాడి చేస్తున్నట్టు కనిపించే, మికావిబ్రియో అనే మరో వేటగాడి తరహా జీవిని శుద్ధి ట్యాంకుల స్లడ్జ్‌లోనే గుర్తించి 2013లో ప్రకటించారు.

ఇక పరాన్నజీవులు. ట్యాంకు మీద గోధుమరంగు నురగ మందంగా కట్టి పొంగిపొర్లుతుంటే, దానికి కారణమయ్యే వాటిలో గోర్డోనియా అనే బ్యాక్టీరియా ఒకటి. దాని మీద బతికే అతి చిన్న బ్యాక్టీరియాను 2021లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. సొంతంగా బతకలేదు గానీ, ఆశ్రయమిచ్చిన గోర్డోనియాను చిట్లగొట్టేస్తుంది. రేపో మాపో దీన్నీ డబ్బాలో పోసి అమ్మకపోతే నన్నడగండి. అది నురగను పూర్తిగా పోగొడుతుందని నాకైతే నమ్మకం తక్కువ. ఎర పలచబడగానే వేటగాడూ తగ్గుతాడు, మిగిలిన ఎర మళ్లీ పుంజుకుంటుంది. పూర్తిగా తుడిచిపెట్టడం వేటగాడి లెక్కలోనే లేదు.

అలాగని ట్యాంకులో బ్యాక్టీరియా చేతకానివేం కావు. ఉక్కు కర్మాగారాల కోక్ ఓవెన్ల ఫినాల్ నీళ్లను సైతం బ్యాక్టీరియాతోనే శుద్ధి చేస్తారు. అంత విషానికే అలవాటు పడగలిగినవి మన వంటింటి మురుగు దగ్గర డీలా పడ్డాయంటే, లోపం ఎక్కువసార్లు మన నిర్వహణలోనే ఉంటుంది.

అందుకని ఈసారి మీటింగులో కల్చర్ డబ్బాల బిల్లు పెడితే, సంతకానికి ముందు అడగండి: కరెంటు ఆదా అని రాత్రిపూట బ్లోయరు ఆపుతున్నారా? స్లడ్జ్ ఎప్పుడు తీశారు? ఇవాళ జాడీలో అరగంటకి ఎంత దిగింది? జవాబులు చెప్పకపోతే బిల్లు పక్కన పెట్టించండి.