శాలువా పడని ఉద్యోగం

పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు 'మీరేం చేస్తుంటారండీ?' అని అడిగితే నేను చెప్పే జవాబు ఓ పట్టాన ఎవరికీ అర్థం కాదు. ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో కార్యదర్శిని అంటాను. 'ఓహో, వ్యాపారం బాగుందా?' అంటారు. నాకు వ్యాపారం లేదండీ. ఊళ్లో వ్యాపారులందరి పనీ చూసిపెట్టే జీతగాణ్ణి.

ఉత్తర కోస్తాలో ఓ మాదిరి ఊరు మాది. బియ్యం మిల్లులు, జీడిపప్పు బట్టీలు, కిరాణా కొట్లు, మందుల షాపులు... వీళ్లందరికీ కలిపి ఒక ఛాంబర్. రెండేళ్లకోసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆయనకు శాలువాలు పడతాయి, పేపర్లో ఫొటో వస్తుంది. పనేమిటో ఆయనకు బోధపడేసరికి పదవీకాలం అయిపోతుంది. మళ్లీ కొత్తాయన, మళ్లీ మొదటి నుంచి. మధ్యలో నిలకడగా ఉండేది ఫైళ్లూ, వాటి వెనక కార్యదర్శీ.

ఇలాంటి సంస్థలు నిన్నమొన్నటివి కావు. మద్రాసు ఛాంబర్ 1836లో పుట్టింది. హైదరాబాద్‌లోని ఛాంబర్ల సమాఖ్య 1917లో మొదలైంది. అయినా కార్యదర్శి అంటే మినిట్స్ రాసి, కుర్చీలు వేయించే మనిషనే చాలామంది అభిప్రాయం. అమెరికాలో మాత్రం ఈ పనికి ప్రత్యేకంగా ఒక చదువే ఉంది. అక్కడి ఛాంబర్ 1921 నుంచీ దాన్ని నడుపుతోంది. ఏడాదికో వారం చొప్పున నాలుగేళ్లు. సంస్థను నడపడం, డబ్బు లెక్కలు, సభ్యుల్ని కలుపుకుపోవడం, ప్రభుత్వంతో మాట్లాడటం నేర్పిస్తారు.

నాకు అలాంటి బడి దొరకలేదు. పాత మినిట్స్ పుస్తకాలు, ఓపికున్న ఆడిటరు గారు, కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసు వరండా... ఇవే నా గురువులు. ఈ చదువు దేనికో 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లో ఊరంతా ఒకటే మాట- 'కాంపోజిషన్‌లో చేరిపోతే గొడవుండదు' అని. నిజమే, అందులో పన్ను తక్కువ, లెక్కలు తేలిక. జీడిపిక్కలు ఒలిపించి పప్పు అమ్ముకునే ఒకావిడ వచ్చి, 'అందరూ చేరుతున్నారు, నేనూ సంతకం పెట్టెయ్యనా బాబూ?' అని అడిగింది. సరుకు ఎక్కడికి పంపుతావమ్మా అన్నాను. 'అంతా బరంపురమే' అంది.

బరంపురం ఒడిశాలో ఉంది. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు పక్క రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. వాళ్ల దగ్గర కొన్న వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్టూ రాదు. ఆవిడ సంతకం పెడితే ఉన్న ఒక్క బేరమూ పోతుంది, బట్టీలో పనిచేసే ఆడవాళ్ల కూలీ పోతుంది. ఆ నిబంధన అంతకు ముందురోజే ఆడిటరు గారి దగ్గర కూర్చుని చదివాను కాబట్టి చెప్పగలిగాను. ఆవిడ మామూలు రిజిస్ట్రేషన్ చేయించుకుంది. బరంపురం బేరం నిలబడింది.

నాయకత్వం అంటే మైకు ముందు మాట్లాడటమే అనుకుంటాం. అది అధ్యక్షుల వారి పని, ఆయనే చెయ్యాలి. కార్యదర్శి నాయకత్వం వేరే రకం. పదిమందికీ అవసరం పడేలోపు తను చదివి ఉండాలి. మిల్లరు మాటా, చిల్లర కొట్టు మాటా ఒకే వినతిపత్రంలో ఇమడ్చగలగాలి. చప్పట్లు ఎవరికి పడినా పని జరిగిందా లేదా అనేదే చూసుకోవాలి. వీటిలో ఏదీ పుట్టుకతో రాదు. ఎవరో ఒకరు నేర్పాలి.

ఇప్పుడు మా ఆఫీసులో ఒక కుర్రాడు సహాయకుడిగా చేరాడు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మందుల షాపుల వాళ్లు పాత నిల్వల సంగతేమిటని పరుగెత్తుకొచ్చారు. వాడు అప్పటికే పట్టిక రాసి గోడకు అంటించాడు. నేను వరండాల్లో నిలబడి నేర్చుకున్నదంతా వాడూ అలాగే నేర్చుకోవాలని లేదు కదా!

అందుకే మొన్న సర్వసభ్య సమావేశంలో బడ్జెట్లో 'సిబ్బంది శిక్షణ' అని ఒక పద్దు పెట్టమని అడిగాను. 'గుమాస్తాలకు ట్రైనింగేమిటండీ' అని వెనక వరసలో ఎవరో నవ్వారు. కాస్త వాదన జరిగింది. చివరికి పెట్టారు. దండలు, శాలువాల పద్దులో సగం కూడా లేదు. అయినా మా ఛాంబర్ లెక్కల పుస్తకంలో ఆ మాట రాయడం ఇదే మొదటిసారి.